‘ఇష్ హైసె...’ తర్వాత ఏం చెప్పాలి?

జర్మన్ మౌఖిక పరీక్షలో స్వీయ పరిచయం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. జర్మన్ వాక్యాలను తెలుగు లిపిలోనే రాశాం. లిపి దారి చూపిస్తుంది గానీ చెవి చేసే పని చెయ్యలేదు. అందుకే ప్రతి వాక్యాన్నీ ఒక్కసారైనా ఆడియోలో విని, ఆ తర్వాత పలకండి.

ప్రశ్న: మా వారు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. వీసా కోసం నేను ఏ1 (జర్మన్‌లో మొదటి స్థాయి) పరీక్ష రాయాలి. స్పీకింగ్‌లో ముందు పరిచయం చెప్పుకోమంటారని ఒక పేజీ నిండా రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. నాలుగు వాక్యాలు దాటాక నోట మాట రావడం లేదు. అంత చెప్పాల్సిందేనా?
— ఒక గృహిణి, కాకినాడ

అక్కర్లేదండీ. ఆ పేజీని పక్కన పెట్టేయండి. ముందు ఒక మాట: మీ వారి దగ్గర ఉన్నది ఈయూ బ్లూ కార్డ్ (ఉన్నత చదువు, నైపుణ్యం ఉన్న ఉద్యోగులకి ఇచ్చే అనుమతి) అయితే భార్య వీసాకి ఏ1 సర్టిఫికెట్ అడగరు. ఆ సంగతి ఆయన్ని కనుక్కున్నాకే పరీక్ష ఫీజు కట్టండి.

పరీక్ష రాయాల్సిందే అయితే, దాని తీరు ఇలా ఉంటుంది. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ వారి ఏ1 పరీక్ష పేరు ‘స్టార్ట్ డోయిచ్ 1’. మౌఖికంలో ఎక్కువలో ఎక్కువ నలుగుర్ని కలిపి కూర్చోబెడతారు. మొత్తం పావుగంట. ముందుగా సిద్ధం కావడానికి సమయం ఇవ్వరు. మొదటి భాగంలో మీ ముందు పెట్టే కాగితం మీద ఏడు మాటలుంటాయి: నామె (పేరు), ఆల్టర్ (వయసు), లాంట్ (దేశం), వోన్‌ఓర్ట్ (ఉంటున్న ఊరు), ష్ప్రాఖెన్ (భాషలు), బెరూఫ్ (వృత్తి), హాబీ. మాటకో వాక్యం చెప్తే మీ పరిచయం అయిపోయినట్టే. ఆ తర్వాత ఒక పేరో ఊరో స్పెల్లింగ్ చెప్పమంటారు, ఒక నంబరు చెప్పమంటారు.

మార్కుల సంగతి తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. మౌఖికానికి 15 మార్కులు. అందులో ఈ భాగానికి 3 మాత్రమే. ప్రశ్నలు అడిగి జవాబు చెప్పే రెండో భాగానికి 6, ఏదైనా ఇమ్మనో చెయ్యమనో కోరే మూడో భాగానికి 6. నెల రోజులు పరిచయం మీదే గడిపేసి, తీరా రెండో భాగంలో ఇచ్చే కార్డు మీద ‘ఫ్ర్యూష్టుక్’ (ఉదయం టిఫిను) అన్న మాట చూసి ప్రశ్న తయారు చెయ్యలేక ఆగిపోయేవాళ్లు చాలామంది. పరిచయానికి వారం చాలు.

మీ విషయంలో ఇలా చెప్పవచ్చు:

ఇష్ హైసె ... (మీ పేరు). ఇష్ బిన్ అఖ్ట్‌ఉంట్‌త్స్వన్‌త్సిష్ యారె ఆల్ట్. ఇష్ కొమె ఆవుస్ ఇన్డియెన్. ఇష్ వోనె ఇన్ కాకినాడ. మైనె ముటర్‌ష్ప్రాఖె ఇస్ట్ టెలుగు. ఇష్ ష్ప్రెషె ఆవుఖ్ ఎంగ్లిష్ ఉంట్ ఐన్ బిస్‌షెన్ డోయిచ్. ఇష్ బిన్ హవుస్‌ఫ్రావు. ఇష్ కొఖె గెర్న్ ఉంట్ హ్యోరె గెర్న్ మ్యుజీక్.

అంటే: నా పేరు ... నాకు 28 ఏళ్లు (ఇక్కడ మీ వయసు పెట్టుకోండి). మాది ఇండియా. కాకినాడలో ఉంటున్నాను. నా మాతృభాష తెలుగు. ఇంగ్లిష్, కొంచెం జర్మన్ కూడా మాట్లాడతాను. గృహిణిని. వంట చెయ్యడం, సంగీతం వినడం ఇష్టం.

ఎనిమిది వాక్యాలు, నిదానంగా చెప్పినా నిమిషం లోపే. ఇంకో వాక్యం కావాలంటే ‘ఇష్ బిన్ ఫెర్‌హైరాటెట్’ (నాకు పెళ్లయింది) చేర్చండి. పిల్లలుంటే ‘ఇష్ హాబె ఐనెన్ జోన్’ (ఒక కొడుకు), ‘ఇష్ హాబె ఐనె టొఖ్టర్’ (ఒక కూతురు). కొడుక్కి ‘ఐనెన్’, కూతురికి ‘ఐనె’. ఈ తేడా చిన్నదే గానీ చెవికి వెంటనే తెలిసిపోతుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేచోట్లు చెప్తాం. ‘మైన్ నామె హైసె’ అనకూడదు. ‘ఇష్ హైసె’ అనండి, లేదా ‘మైన్ నామె ఇస్ట్’ అనండి, రెండూ కలపొద్దు. తెలుగులో ‘నాకు ఇన్నేళ్లు’ అంటాం కదా అని వయసుకి ‘ఇష్ హాబె’ వాడొద్దు, ‘ఇష్ బిన్’ అనాలి. వృత్తి ముందు ‘ఐన్’, ‘ఐనె’ రావు, నేరుగా ‘ఇష్ బిన్ హవుస్‌ఫ్రావు’. ఆడవాళ్లయితే చాలా వృత్తుల చివర ‘ఇన్’ చేరుతుంది: లేరర్ అంటే మాస్టారు, లేరరిన్ అంటే టీచరమ్మ. మీరు ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు ఇంట్లో ఉంటే ఆ చదువుని దాచుకోకండి: ‘ఇష్ బిన్ ఇన్‌జెన్యోరిన్ ఫొన్ బెరూఫ్, ఆబర్ యెట్స్ట్ బిన్ ఇష్ హవుస్‌ఫ్రావు.’ ఇంత చక్కటి వాక్యం ఏ1 స్థాయిలో అరుదుగా వినబడుతుంది.

ప్రశ్న: స్పెల్లింగ్ చెప్పమంటే ఇంగ్లిష్ అక్షరాలే నోట్లోంచి వచ్చేస్తున్నాయి. ఫోన్ నంబరు దగ్గరా తడబడుతున్నాను. దీనికి ఉపాయం ఏమిటి?
— విజయవాడ నుంచి ఒక విద్యార్థి

మీ ఊరి పేరే మీకు మంచి అభ్యాసం. ఇంగ్లిష్‌లో ‘వి ఐ జె ఎ వై ఎ డబ్ల్యూ ఎ డి ఎ’ అని చెప్పే విజయవాడను జర్మన్‌లో ఇలా చెప్పాలి: ఫౌ, ఈ, యోట్, ఆ, ఉప్సిలోన్, ఆ, వే, ఆ, డే, ఆ. మనవాళ్లని తికమక పెట్టే అక్షరాలు దాదాపు అన్నీ ఈ ఒక్క పేరులో ఉన్నాయి. ఇంగ్లిష్ ‘వి’ ఇక్కడ ‘ఫౌ’, ‘డబ్ల్యూ’ ఇక్కడ ‘వే’, ‘జె’ ఇక్కడ ‘యోట్’, ‘వై’ ఇక్కడ ‘ఉప్సిలోన్’.

అన్నిటికంటే ప్రమాదం ‘ఎ, ఇ, ఐ’ల దగ్గరే. ఇంగ్లిష్ ‘ఎ’ని జర్మన్‌లో ‘ఆ’ అంటారు. ఇంగ్లిష్ ‘ఇ’ని ‘ఏ’ అంటారు. ఇంగ్లిష్ ‘ఐ’ని ‘ఈ’ అంటారు. మీరు ఇంగ్లిష్ అలవాటులో ‘ఈ’ అంటే పరీక్షకులు ‘ఐ’ రాసుకుంటారు. పేరు మారిపోతుంది, తప్పు ఎక్కడ జరిగిందో మీకు అర్థం కాదు. ఈ మూడూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించుకోండి. ‘జి’ అక్షరం ‘గే’, ‘హెచ్’ ‘హా’, ‘సి’ ‘ట్సే’, ‘జెడ్’ ‘ట్సెట్’.

ఒకే అక్షరం రెండుసార్లు వస్తే ‘డొపెల్’ అనాలి. రెడ్డి అంటే: ఎర్, ఏ, డొపెల్ డే, ఉప్సిలోన్. ‘డే, డే’ అని రెండుసార్లు చెప్పినా తప్పు లేదు. ఇంగ్లిష్‌లోలా ‘డబుల్’ అంటేనే ఇబ్బంది. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఏది ఎక్కడ ఉందో చూసుకుని వెళ్లండి. ఫమీలియెన్‌నామె అంటే ఇంటిపేరు, ఫోర్‌నామె అంటే సొంత పేరు. పొడి అక్షరాలతో పేరు చెప్పే మన పద్ధతి అక్కడివాళ్లకి అర్థం కాదు.

ఇక నంబరు. ఒక్కో అంకె విడివిడిగా చెప్పండి. మీ ఊరి పిన్ 520010 అయితే: ఫ్యున్ఫ్, త్స్వై, నుల్, నుల్, ఐన్స్, నుల్. ఫోన్‌లో ‘త్స్వై’, ‘డ్రై’ ఒకేలా వినిపిస్తాయని జర్మన్లు రెండుకి ‘త్స్వో’ అంటుంటారు. మీరూ అనవచ్చు. జంటలుగా కలిపి చెప్పాలన్న సరదా మాత్రం ఇప్పుడే వద్దు. ఎందుకంటే జర్మన్‌లో 28 అంటే ‘ఎనిమిదిన్నూ ఇరవై’ అని ఒకట్ల స్థానం ముందొస్తుంది. తెలుగులో ‘ఇరవై ఎనిమిది’ అనుకుంటూ జర్మన్‌లో చెప్పబోతే 28 కాస్తా 82 అవుతుంది. హిందీ, ఉర్దూ లెక్కలు వచ్చినవారికి ఇది కొంత తేలిక, ‘అట్ఠాయిస్’లో కూడా ఎనిమిదే ముందుంది. మీ వయసు ఒక్కటే రెండంకెలుగా చెప్పక తప్పదు. దాన్ని రోజూ పదిసార్లు గట్టిగా అనండి.

ప్రశ్న: నేను నర్సుని. వాక్యాలన్నీ సరిగ్గానే చెప్తున్నాను గానీ నమూనా పరీక్షలో ఉచ్చారణ అర్థం కావడం లేదన్నారు. ఎక్కడ సరిదిద్దుకోవాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

ఒక్క చోటని కాదు. అయితే తెలుగువాళ్లకి పదే పదే వచ్చే తప్పులు నాలుగైదే.

పెద్దది మాట చివర. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. హల్లుతో ముగిసే ప్రతి మాటకీ మన నోరు ఒక ‘ఉ’ తగిలించేస్తుంది: బస్సు, కారు, పెన్ను. అదే అలవాటులో జర్మన్ కూడా ‘ఇష్షు’, ‘గెర్ను’, ‘ఆల్టు’ అయిపోతుంది. వాక్యంలో ప్రతి మాటకీ ఒక అదనపు అక్షరం చేరితే వినేవాళ్లకి మాట ఎక్కడ ముగిసిందో తెలియదు. మందు ఏమిటంటే, హల్లుతో ముగిసిన మాటను తర్వాతి మాటకి అతికించి పలకడం. ‘గెర్న్’ అని ఆగకుండా ‘గెర్న్‌మ్యుజీక్’ అని ఒకే ఊపిరిలో అనండి, మధ్యలో ‘ఉ’కి చోటుండదు. వాక్యం చివరి మాటకి మాత్రం పెదాలు కదలకుండా ఆపాలి. మీ గొంతు రికార్డు చేసుకుని వింటే తేడా మీకే తెలుస్తుంది. ‘ఉంట్’ మాటను రాసేటప్పుడు చివర ‘డి’ ఉంటుంది, పలికేటప్పుడు ‘ట్’ వస్తుంది. ‘ఉండు’ అనకండి.

రెండోది ‘జెడ్’ అక్షరం. ఇంగ్లిష్ అలవాటులో దాన్ని ‘జ’ అంటాం. జర్మన్‌లో అది ‘త్స’. ఇది మనకి కొత్త ధ్వని కాదు. ‘చాప’, ‘చుక్క’ అనేటప్పుడు చ పలికే తీరు చూడండి, నాలుక పళ్ల వెనక తగులుతుంది. పాత పుస్తకాల్లో దీనికి ౘ అని వేరే గుర్తే ఉండేది. పదికి ‘ౘేన్’, రెండుకి ‘ౘ్వై’ అని మనసులో రాసుకోండి, సరిగ్గా వస్తుంది. ఇంగ్లిష్ మాటలాడేవాళ్లు కష్టపడి నేర్చుకునే ధ్వని మనకి పుట్టుకతో ఉంది.

మూడోది, అక్షరాల మీద రెండు చుక్కలున్న అచ్చులు. ‘ఫ్యున్ఫ్’ అని రాశాం గానీ అందులో ‘య’ లేదు. నాలుకని ‘ఈ’ అనే చోట ఉంచి, పెదాలు మాత్రం ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుట్టండి. ‘హ్యోరె’కి నాలుక ‘ఏ’ దగ్గర, పెదాలు ‘ఓ’ ఆకారంలో. అద్దం ముందు చెయ్యండి. మొదటి రెండు రోజులు వింతగా ఉంటుంది, మూడో రోజుకి పెదాలు మాట వింటాయి.

నాలుగోది ‘ఇష్’. కచ్చితంగా చెప్పాలంటే అది ష కాదు. ‘య’ అనే చోట నాలుక పెట్టి గొంతు మోగకుండా గాలి వదిలితే వచ్చే ధ్వని. ‘ష్’ అన్నా అర్థం చేసుకుంటారు. ‘ఇచ్’, ‘ఇక్’ మాత్రం అనొద్దు. ‘అఖ్ట్’, ‘కొఖె’ల్లో వచ్చే ధ్వని వేరు, ఉర్దూ ‘ఖబర్’లో ఖ లాంటిది. ‘ఆ, ఓ, ఊ, ఆవు’ల తర్వాత ఇది వస్తుంది. ‘ఇ, ఎ’ల తర్వాత ‘ఇష్’లోని ధ్వని వస్తుంది.

మనకి కలిసొచ్చేది ఒకటుంది, దీర్ఘాలు. ‘వోనె’లో ఓ దీర్ఘం, ‘కొమె’లో ఒ హ్రస్వం. జర్మన్‌లో ఈ తేడాతో అర్థమే మారుతుంది. పలక పట్టిన రోజు నుంచి దీర్ఘం, హ్రస్వం వేరుచేసి పలికే మనకి ఇది బలం, వాడుకోండి.

ప్రశ్న: ‘నేను ఆరు నెలలుగా జర్మన్ నేర్చుకుంటున్నాను’ అని చెప్పాలి. ఇంగ్లిష్ నుంచి మార్చబోతే ప్రతిసారీ తప్పు వస్తోంది.
— ఒక ఇంజినీర్, హైదరాబాద్

ఇంగ్లిష్ నుంచి మార్చకండి, తెలుగు నుంచి మార్చండి. ఇంగ్లిష్‌లో ఈ వాక్యానికి గడిచిన కాలాన్ని కలిపే క్రియ కావాలి. తెలుగులో ‘ఆరు నెలల నుంచి నేర్చుకుంటున్నాను’ అని వర్తమానంలోనే అంటాం. జర్మన్ కూడా అంతే: ‘ఇష్ లెర్నె జైట్ జెక్స్ మోనాటెన్ డోయిచ్.’ ‘జైట్’ అంటే మన ‘నుంచి’. నెలలకి ‘మోనాటె’ అంటారు గానీ, జైట్ తర్వాత చివర న్ చేరి ‘మోనాటెన్’ అవుతుంది. ‘లెర్నె’ బదులు ‘ష్టుడీరె’ అనకండి. అది యూనివర్సిటీ చదువుకి వాడే మాట. ‘ఇష్ హాబె ఇన్‌ఫొర్మాటిక్ ష్టుడీర్ట్’ అంటే కంప్యూటర్ సైన్స్ చదివానని.

తెలుగు పనికిరాని చోటు కూడా చెప్పాలి. మనకి క్రియ వాక్యం చివర వస్తుంది. మామూలు జర్మన్ వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలి. ‘ఇష్ ఇన్ హైదరాబాద్ వోనె’ అంటే అది తెలుగు వాక్యం. ‘ఇప్పుడు’ అని మొదలుపెట్టినా క్రియ రెండో చోటే ఉంటుంది, ‘నేను’ వెనక్కి పోతుంది: ‘యెట్స్ట్ వోనె ఇష్ ఇన్ హైదరాబాద్.’ సొంతూరు, ఉంటున్న ఊరు వేరైతే: ‘ఇష్ కొమె ఆవుస్ నెల్లూర్. యెట్స్ట్ వోనె ఇష్ ఇన్ హైదరాబాద్.’ ఊరికైనా దేశానికైనా ‘నుంచి వచ్చాను’కి ‘ఆవుస్’ వాడాలి, ‘ఫొన్’ కాదు.

ప్రశ్న: ఏ1 అయింది. ఏ2లో కూడా ఇదే పరిచయం చెప్పవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

చెప్పనివ్వరు. గోథే ఏ2లో ఇద్దరిద్దరుగా కూర్చోబెడతారు. మొదటి భాగంలో ఒక్కో మాట ఉన్న కార్డులు నాలుగు ఇస్తారు. ఆ మాటతో మీరు పక్కవారిని ప్రశ్న అడగాలి, వారు అడిగినదానికి మీరు జవాబు చెప్పాలి. అంటే పరిచయాన్ని ప్రశ్నలుగా తిప్పడం రావాలి. కార్డు మీద ‘గెబుర్ట్స్‌టాగ్’ (పుట్టినరోజు) ఉంటే ‘వన్ హాబెన్ జీ గెబుర్ట్స్‌టాగ్?’ ‘బెరూఫ్’ ఉంటే ‘వాస్ జిన్ట్ జీ ఫొన్ బెరూఫ్?’ ‘వోన్‌ఓర్ట్’ ఉంటే ‘వో వోనెన్ జీ?’ కార్డు మీది మాటే ప్రశ్నలో రావాలని లేదు.

తేదీ చెప్పేటప్పుడు ‘పన్నెండో’ అన్న రూపం కావాలి: ‘అమ్ త్స్వ్యోల్ఫ్‌టెన్ మేర్త్స్’ (మార్చి 12న). పుట్టిన సంవత్సరం 1998 అయితే ‘పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది’ అనే మన లెక్కే, తొంభై ఎనిమిదిలో ఎనిమిది ముందొస్తుందంతే: ‘నోయిన్‌త్సేన్‌హుండర్ట్ అఖ్ట్‌ఉంట్‌నోయిన్‌త్సిష్.’ 2001 అయితే ‘త్స్వైటవుజెంట్‌ఐన్స్’.

రెండో భాగంలో మీ గురించి కాసేపు చెప్పాలి. శని, ఆదివారాల్లో ఏం చేస్తారు, డబ్బు దేనికి ఖర్చుపెడతారు లాంటి విషయం ఒకటి, చుట్టూ నాలుగు సూచనలు ఉంటాయి. చెప్పాక పరీక్షకులు ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతారు. అద్దెకి తెచ్చుకున్న హాబీ బయటపడేది ఇక్కడే. పుస్తకాలు చదువుతానన్నారనుకోండి, ఈమధ్య ఏం చదివారని అడగవచ్చు. జవాబు లేకపోతే అంతవరకు చెప్పిందంతా తేలిపోతుంది. ‘ఇష్ కొఖె అమ్ జోన్‌టాగ్ బిరియాని’ (ఆదివారం బిర్యాని వండుతాను) అని నిజంగా చేసే పనే చెప్పండి. తర్వాతి ప్రశ్నకి మాటలు వాటంతటవే దొరుకుతాయి.

ప్రశ్న: బి1లో పరిచయానికి మార్కులు లేవని ఒకరు, ఉన్నాయని ఒకరు అంటున్నారు. ఏది నిజం?
— ఒక నర్సింగ్ విద్యార్థిని, తిరుపతి

ఇద్దరూ నిజమే చెప్తున్నారు, రెండు వేర్వేరు పరీక్షల గురించి. గోథే బి1లో మొదట పేరూ ఊరూ అడిగి మాట కలుపుతారు, దానికి మార్కులు లేవు. మార్కులు మొదలయ్యేది ఇద్దరూ కలిసి ఒక పని ప్లాన్ చేసే దగ్గర. టెల్క్ (జర్మన్ పరీక్షలు పెట్టే మరో సంస్థ) బి1లో అలా కాదు. ‘ఐనాండర్ కెన్నెన్‌లెర్నెన్’ (పరస్పర పరిచయం) అనే మొదటి భాగానికి 75లో 15 మార్కులు. మీరు కట్టిన ఫీజు ఏ పరీక్షకో చూసుకోండి.

టెల్క్‌లో పేరు, ఎక్కడినుంచి, ఇల్లు ఎలా ఉంటుంది, కుటుంబం, చదువు లేదా ఉద్యోగం, వేరే దేశాలు చూశారా, ఏ భాషలు ఎన్నాళ్లుగా, ఎందుకు అనే అంశాలుంటాయి. ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఒకరు ఉపన్యాసం ఇచ్చి ఆగితే మార్కులు తగ్గుతాయి. మీది చెప్పి ‘ఉంట్ జీ?’ (మరి మీరు?) అని అటు తిప్పండి. అక్క, చెల్లెలు ఇద్దరికీ జర్మన్‌లో ‘ష్వెస్టర్’ ఒక్కటే మాట. తేడా చెప్పాలంటే ‘మైనె ఎల్టెరె ష్వెస్టర్’ (అక్క), ‘మైనె యుంగెరె ష్వెస్టర్’ (చెల్లెలు).

‘ఎందుకు’ అన్న ప్రశ్నకి ‘వైల్’ (ఎందుకంటే) కావాలి. ఇది చాలామందిని భయపెడుతుంది, తెలుగువాళ్లు భయపడాల్సిన పని లేదు. వైల్ వస్తే క్రియ చివరికి పోతుంది, సరిగ్గా మన వాక్యంలాగే. ‘ఇష్ లెర్నె డోయిచ్, వైల్ ఇష్ ఇన్ డోయిచ్‌లాంట్ ఆల్స్ ప్ఫ్లేగెఫాఖ్‌క్రాఫ్ట్ ఆర్బైటెన్ మ్యోష్టె.’ వైల్ తర్వాత మాటల్ని వరసగా తెలుగు చెయ్యండి: నేను, జర్మనీలో, నర్సుగా, పనిచేయాలని, కోరుకుంటున్నాను. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపనక్కర్లేదు.

ప్రశ్న: మధ్యలో మర్చిపోతే? పక్కన కూర్చున్నవారిని ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

పరీక్షకుల్ని ఎప్పుడూ ‘జీ’ (మీరు) అనాలి. తోటి అభ్యర్థిని ‘జీ’ అన్నా ‘డూ’ (నువ్వు) అన్నా ఫర్వాలేదు. ఒకసారి మొదలుపెట్టినదాన్నే చివరిదాకా కొనసాగించండి.

మర్చిపోతే మొదటికి వెళ్లొద్దు. ఏ1లో కాగితం మీద మాటలు మీ ముందే ఉంటాయి, తర్వాతి మాట దగ్గరకి వెళ్లిపోండి. ప్రశ్న అర్థం కాకపోతే ‘నోఖ్ ఐన్‌మాల్, బిటె’ (ఇంకోసారి చెప్పండి) అనండి. కాస్త పై స్థాయిలో ఉంటే ‘క్యోన్నెన్ జీ దాస్ బిటె వీడర్‌హోలెన్?’ అనండి. తల ఊపి ఊరుకోవడం కంటే ఇలా అడగడమే మేలు. తప్పు చెప్పానని వెంటనే తెలిస్తే ‘ఎంట్‌షుల్డిగుంగ్’ (క్షమించండి) అని ఆ ఒక్క మాట సరిచేసి ముందుకు పోండి.

ఇంకొకటి. నలుగురిలో మీ వంతు చివర్లో వస్తే, ముందువాళ్లు చెప్తుంటే మనసులో మీ పాఠం వల్లె వేసుకోకండి, వాళ్లు చెప్పేది వినండి. రెండో భాగంలో మీరు ప్రశ్న అడగాల్సిందీ, మిమ్మల్ని అడిగేదీ వాళ్లే. వాళ్ల గొంతూ యాసా అప్పటికే చెవికి అలవాటైతే, మీ ప్రశ్న వచ్చేసరికి ‘నోఖ్ ఐన్‌మాల్’ అనే అవసరం తగ్గుతుంది.